చప్పుడుకు అలవాటు పడ్డాక

పెళ్ళయి షోలాపూర్ వచ్చిన మొదటి వారమే నాకు తలనొప్పి పట్టుకుంది. దాజీ పేట్‌లో మా అత్తవారికి రెండే గదులు. ముందు గదిలో రెండు సాంచాలు, వెనక గదిలో మేము. కరెంటుతో నడిచే మగ్గాలను మావాళ్ళు సాంచాలంటారు. మధ్యలో గోడ ఉన్నా ఆ చప్పుడు మంచం కోళ్ళలోంచి ఎముకల్లోకి వచ్చేది. కరీంనగర్ దగ్గర మా ఊళ్ళో నాన్నది చేతిమగ్గం. దాని పక్కన కూర్చుని కబుర్లు చెప్పుకునేవాళ్ళం.

తలకు గుడ్డ కట్టుకుని కూర్చుంటే అత్తమ్మ పక్కకు వచ్చింది. "కొత్తల గట్లనే ఉంటది బిడ్డా. నాకు గూడ ఆర్నెల్లు తల పగిలిపోయింది. అలవాటైతది" అంది.

నిజంగానే అలవాటైంది. ఏడాది తిరిగేసరికి నొప్పి పోయింది. ఈ ఊరి నీళ్ళు నాకు పడ్డాయని, ఒళ్ళు బాగుపడిందని అమ్మకు ఫోన్ చేసి చెప్పాను. అబద్ధం చెప్పలేదు, అలాగే నమ్మాను. మా గల్లీలో పని మానేసి పడుకుంటేనే జబ్బు. పక్కింటి వదిన దగ్గుతూనే బీడీలు చుట్టేది. ఎవరడిగినా "నాకేమైంది? మంచిగనే ఉన్న" అనేది. నేనూ నూలు కండెలు చుట్టాను, తువ్వాళ్ళు మడిచాను, తరవాత సాంచా మీద నిలబడ్డాను. అట్లా ఇరవై ఏళ్ళు. చప్పుడులో మా ఆయనా నేనూ పెదవులు చూసే మాట్లాడుకునేవాళ్ళం. ఇంట్లో గట్టిగా అరిచి మాట్లాడుకునేవాళ్ళం. గల్లీ అంతా అలాగే మాట్లాడేది కాబట్టి మాకు తేడా తెలియలేదు.

పోయినేడు మా చెల్లెలికి, ఎన్నో ఏళ్ళు ఎదురుచూశాక, ఆడపిల్ల పుట్టింది. నెల రోజులు తోడుంటానని వాళ్ళ ఊరు వెళ్ళాను. వారం గడిచింది. ఒక పొద్దున చెల్లెలు బిడ్డను ఉయ్యాలలో పడుకోబెట్టి, చూస్తుండమని చెప్పి స్నానానికి వెళ్ళింది. నేను ఉయ్యాలకు వీపు చేసి, గడప దగ్గర వెలుతురులో బియ్యంలో రాళ్ళు ఏరుతున్నాను. ఉన్నట్టుండి చెల్లెలు తడి జుట్టుతో నా పక్కనుంచి పరుగెత్తింది. తిరిగి చూస్తే బిడ్డ ముఖం కందిపోయి నల్లబడింది. ఏడ్చి ఏడ్చి ఊపిరి అందడం లేదు.

"అక్కా, పొల్ల గంతగనం ఏడుస్తుంటే గట్లెట్ల కూసున్నవే? నీళ్ళు పోసుకుంటుంటే నాకినవడ్డది!"

"ఏడ్వలేదు గదనే" అన్నాను.

బిడ్డను భుజాన వేసుకుని చెల్లెలు నా ముఖంలోకి చూసింది. మర్నాటి నుంచి స్నానానికి వెళ్ళేటప్పుడు బిడ్డను పక్కింటావిడకు ఇచ్చి వెళ్ళింది. ఇంకో మూడు రోజులుండి, షోలాపూర్‌లో పని ఆగిపోయిందని చెప్పి వచ్చేశాను.

బస్సులో ఎన్ని సాకులు వెతుక్కున్నానో! చెల్లెలి ఊరివాళ్ళు మెల్లగా మాట్లాడతారు, చెవుల్లో చలిగాలి దూరింది, అని. షోలాపూర్‌లో దిగగానే ఆటోవాళ్ళ కేకలన్నీ వినిపించాయి. ప్రాణం లేచొచ్చింది. నాకేమీ కాలేదనుకున్నాను. కానీ సాంచా ముందు నిలబడితే చాలు, ఆ నల్లబడ్డ ముఖం కనిపించేది.

చివరికి చెవుల డాక్టరు దగ్గరికి వెళ్ళాను. మా ఆయన్ని బలవంతంగా తీసుకెళ్ళాను. నన్నొక చిన్న గదిలో కూర్చోబెట్టి, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించి, చప్పుడు వినిపించినప్పుడల్లా బటన్ నొక్కమన్నారు. చాలాసేపు కూర్చున్నాను. ఇంకా మొదలుపెట్టలేదేమో అనుకుంటుండగా తలుపు తెరిచి, అయిపోయింది రమ్మన్నారు.

మొదట్లో తలనొప్పి ఉండేదా అని డాక్టరు మరాఠీలో అడిగాడు. ఉండేది, ఏడాదికి బాగైపోయింది అన్నాను. ఆయన తల అడ్డంగా ఊపాడు. బాగు కాలేదు, అప్పటినుంచే నీ చెవులు కొద్దికొద్దిగా పోతున్నాయి, పోయింది తిరిగి రాదు అన్నాడు. చెవికి వినికిడి మిషన్ పెట్టుకోమన్నాడు. పరీక్ష చేస్తే మా ఆయన చెవులు నాకంటే అధ్వాన్నమని తేలింది.

మెట్లు దిగుతూ ఆయన నవ్వాడు. "నీ మాట నాకినవడ్తలేదా ఏంది? నేను మంచిగనే ఉన్న." మిషన్ వద్దన్నాడు. నేను పెట్టించుకున్నాను.

సాంచాలు నడిచేటప్పుడు దాన్ని భరించలేం. అందుకని సెలవు రోజు మధ్యాహ్నం మొదటిసారి పెట్టుకున్నాను. ఫ్యాను కిర్రుమంటోంది. ఎక్కడో పావురాలు. వాటి మధ్య సన్నగా ఈల వేసినట్టు ఇంకేదో చప్పుడు. నల్లా చూశాను, కుక్కర్ చూశాను. అది చాప మీద పడుకున్న మా ఆయన ఛాతీలోంచి వస్తోంది. ఊపిరి తీసినప్పుడల్లా వస్తోంది. ఇరవై ఏళ్ళుగా పక్కన పడుకున్నాను, ఒక్కసారీ వినలేదు.

భుజం పట్టి లేపాను. "రొమ్ముల ఈల కొట్టినట్టు అయితున్నది. ఎప్పటిసంది?"

"ఏంది?"

చెవి దగ్గర నోరు పెట్టి మళ్ళీ చెప్పాను. ఆయన కాసేపు చెయ్యి ఛాతీ మీద పెట్టుకుని, వింటున్నట్టు ఉండిపోయాడు.

"నాకేం వినవడ్తలేదు. మంచిగనే ఉన్న. పండనియ్యి జర."

అటు తిరిగి పడుకున్నాడు. మిషన్ తీసేద్దామని చెయ్యి చెవి దాకా వెళ్ళింది. తీయలేకపోయాను. మర్నాడు డాక్టరు దగ్గరికి పోదాం రమ్మంటే, పని ఉందన్నాడు. ఇప్పటికీ రాలేదు.