పెద్దమ్మ పేరు రాని లిస్టు

మహబూబ్‌నగర్‌లో నేను పాఠాలు చెప్పే కంప్యూటర్ సెంటర్‌కు డెస్క్‌టాప్ అప్లికేషన్లు నేర్చుకోవడానికి వచ్చే పిల్లలంతా దాదాపు ఒకే వరుసలో తప్పులు చేస్తారు. మొదటి వారం, టెక్స్ట్ బాక్సులో ఉన్నది అంకెలా కనిపించినా నిజానికి అక్షరమేనని తెలియక, పన్నెండుకు మూడు కలిపితే నూట ఇరవై మూడు వచ్చిందని నా మీదికి వస్తారు. రెండో వారం, బటన్ నొక్కగానే ఫారం బిగుసుకుపోయింది, కంప్యూటర్ పాడైంది అంటారు. పాడైంది కంప్యూటర్ కాదు, వాళ్లు రాసిన లూపుకు, అదే పనిని తిప్పి తిప్పి చేసే ముక్కకు, ఆగడం తెలియదు. మూడో వారం, ఇంట్లో చక్కగా నడిచిన ప్రోగ్రాం ఇక్కడ నడవడం లేదని పెన్‌డ్రైవ్ పట్టుకొని ఏడుపు మొహంతో నిలబడతారు. ఫైలు ఎక్కడుందో ఇంటి కంప్యూటర్ దారే రాసుకొచ్చి ఉంటారు. వీటన్నిటికీ నాకు ఓపిక ఉంది.

ఒక్కదానికి మాత్రం లేదు. ప్రోగ్రాంలో ట్రై అని రాస్తే, ఈ పని చేసి చూడమని అర్థం. దాని కింద క్యాచ్ అని రాసి, పని చెడితే ఏం చేయాలో చెప్పాలి. ఆ క్యాచ్‌లో ఒక్క ముక్క కూడా రాయకుండా వదిలేస్తే, పని చెడినా నోరెత్తకు అని ప్రోగ్రాంకు చెప్పినట్టే. అట్లా ఖాళీగా వదిలేసి "మేడం, ఎర్రర్ పోయింది" అని నవ్వేవాళ్లను చూస్తే నా ఒళ్లు మండిపోతుంది. ఒకసారి ఒక అమ్మాయిని ఇందుకే ఏడిపించాను. ఆమె కుళాయి దగ్గర మొహం కడుక్కుంటుంటే పోయి సారీ చెప్పాను కానీ, నాకు అంత కోపం ఎందుకొచ్చిందో చెప్పలేదు. చెప్పే ధైర్యం లేదు.

తెలంగాణ వచ్చిన కొత్తలో నేను డిగ్రీ ఆఖరు ఏడాదిలో ఉన్నాను. మా ఊరికి మహబూబ్‌నగర్ నుంచి బస్సులో గంట పైనే. ఊళ్లో సగం ఇళ్లకు గొర్రెలు, మేకలే ఆధారం. గొర్రెల సంఘం నోటుబుక్కు మా బాపు దగ్గర ఉండేది. ఎవరి మందలో ఎన్ని జీవాలున్నాయో అందులో రాసి ఉండేది. ఏటా వానలకు ముందు చిటుక రోగానికి టీకాలు వేయడానికి పశువుల డాక్టరమ్మ వచ్చేది. తొలి వానలకు మొలిచిన లేతగడ్డి తిని గొర్రెలు ఉన్నట్టుండి పడిపోయే జబ్బు అది. పొద్దున చెంగున ఎగిరిన పిల్ల మధ్యాహ్నానికి ఉండదు.

ఆ ఏడు డాక్టరమ్మ లిస్టు ముందుగా కావాలంది. మందు సీసా ఒకసారి విప్పితే ఆ రోజే అయిపోవాలట. ఎన్ని జీవాలో సరిగ్గా తెలిస్తే అన్ని సీసాలే తెచ్చుకుంటుంది. బాపు నోటుబుక్కు తీసి చేత్తో ఇంకో కాపీ రాయబోతుంటే, నేను అడ్డం పడ్డాను. చదువుతున్న చదువు ఇంట్లోవాళ్లకు చూపించాలన్న ఉబలాటం నాది. కాలేజీలో మాకిచ్చిన పాత కంప్యూటర్ మీద పేర్లు ఎక్కించడానికి ఒక ఫారం, లిస్టు తీయడానికి ఒక బటన్, కింద మొత్తం లెక్క వచ్చేటట్టు ఒక చిన్న ప్రోగ్రాం చేస్తానన్నాను. బాపు మురిసిపోయాడు. చాయ్ హోటల్ దగ్గర అందరికీ చెప్పుకొచ్చాడు కూడా.

ఇప్పుడు పెద్దమ్మ సంగతి చెప్పాలి. వరుసకు పెద్దమ్మ, మా వెనక గల్లీలో ఇల్లు. ఆమె చెయ్యి మంచిదని ఊళ్లో పేరు. కొత్త పొట్టేలును తెస్తే ముందు ఆమె వచ్చి బొట్టు పెట్టాలి. ఉన్ని కత్తిరించే రోజు మొదటి కత్తెర ఆమె వేయాలి. విత్తనం సంచీలో మొదటి పిడికిలి ఆమెదే. ఆమె కూడా దీన్ని పనిలాగే చేసేది. పిలిస్తే స్నానం చేసి, ఉతికిన చీర కట్టుకొని వచ్చేది. పిల్లలు లేరు. నలభై ఆరు జీవాలు, ఎక్కువ మాట్లాడని పెద్దబాపు, ఈ పేరు, ఇవీ ఆమెకున్నవి. సంఘం నోటుబుక్కులో కూడా మొదటి పేరు ఆమెదే. ఆమెతో మొదలుపెడితే ఏడాదంతా మందలు బాగుంటాయని మా బాపు అట్లా రాసేవాడు.

మా దగ్గర గింజలు కొలిచేటప్పుడు మొదటి కొలతకు ఒకటి అనరు, లాభం అంటారు. లాభం, రెండు, మూడు, అట్లా పోతుంది. చిన్నప్పుడు నేను ఒకసారి కల్లంలో ఒకటి అని బాపు చేత మొట్టికాయ తిన్నాను. నోటుబుక్కులో వరుస సంఖ్యలు కూడా అట్లాగే ఉండేవి. బాపు చదువుతుంటే నేను నోట్ చేసుకొని, కాలేజీకి పోయి ఎక్కించాను. మొదటి వరుస సంఖ్య దగ్గర నా వేళ్లు వాటంతటవే లాభం అని కొట్టాయి. అందులో తప్పేముందో ఆలోచించను కూడా లేదు. మొదటిది లాభమే కదా.

లిస్టు తీసే బటన్ నొక్కితే ప్రోగ్రాం ఆగిపోయింది. ఇచ్చిన పదం సరైన రూపంలో లేదని ఎర్ర అక్షరాలు. వాటి కింద ఇంకా ఏదో ఉంది, చదవలేదు. వరుస సంఖ్యను అంకెగా మార్చమని నేను రాశాను. లాభాన్ని ఏ కంప్యూటర్ అంకెగా మారుస్తుంది? కానీ నా అనుమానం అటు పోలేదు. ఫైలు చివర ఒక ఖాళీ వరుస మిగిలిపోతే ఇదే ఎర్రర్ వస్తుందని ముందు వారమే క్లాసులో చెప్పారు. నా ఫైలు చివర కూడా ఖాళీ వరుస ఉంది. అదేలే అనుకున్నాను. దాన్ని చెరిపి చూసినా తెలిసిపోయేది. అంత ఓపిక లేక, పక్క బెంచీ వాళ్లు చేసినట్టు ట్రై రాసి, క్యాచ్ ఖాళీగా వదిలాను. అంకె కాని వరుస వస్తే దాన్ని వదిలేసి ముందుకు పోతుంది. ఎర్రర్ పోయింది. లిస్టు టకటకా వచ్చింది. కింద జీవాల లెక్కతో పాటు ముప్పై ఒక్క మందలు అని మొత్తం కూడా వేసింది. మా ఊళ్లో మందలు ముప్పై రెండు. నేను లెక్క పెట్టలేదు. అక్షరాలు ఎంత అందంగా వచ్చాయో చూసుకుంటూ కూర్చున్నాను. ఒక కాపీ డాక్టరమ్మకు పంపాను.

టీకాల రోజు బాపు ఊళ్లో లేడు, చుట్టాలింట్లో దినాలకు పోయాడు. లిస్టు చదివే పని నాది. బడి ముందు జాగాలో ముళ్లకంపతో దొడ్డి కట్టారు. పెద్దమ్మ ఎప్పటిలాగే ఉతికిన చీరతో, తన మందతో అందరికంటే ముందు నిలబడింది. నేను చదివిన మొదటి పేరు ఆమెది కాదు. ఆమె నా దిక్కు చూసింది. నేను రెండో పేరు చదివాను, మూడోది చదివాను.

"నా పేరు ఎప్పుడొస్తది బిడ్డా?" అని మెల్లగా అడిగింది.

"వస్తది పెద్దమ్మా, జర ఆగు. కంప్యూటర్ల వరుస వేరే ఉంటది" అన్నాను. ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందో నాకే తెలియదు. లిస్టు నా చేతిలోనే ఉంది, ఒకసారి పైనుంచి కిందికి చూస్తే అయిపోయేది.

ఎండ నడినెత్తికి వచ్చింది. ఆఖరి పేరు చదివాను. లిస్టు లెక్కకు తెచ్చిన సీసాలు అయిపోయాయి. పెద్దమ్మ తన జీవాలను కర్రతో ఒక దగ్గరికి చేర్చుకుంటూ ఇంకా నిలబడే ఉంది. డాక్టరమ్మ నా చేతిలోంచి కాగితం తీసుకొని చూసింది. "ఈమె పేరు లేదు కదమ్మా" అంది.

నేను కాగితం మళ్లీ చూశాను. లేదు. భయమేసింది. ఊరంతా చూస్తున్నారు. అప్పుడు నా నోటి నుంచి వచ్చిన మాట ఇది: "బాపు రాయలే కావచ్చు పెద్దమ్మా."

"మీ బాపు నన్ను మరిచిపోతడా?" అంది ఆమె. కోపంగా అనలేదు. నిజంగా తెలియక అడిగింది. ఆ తర్వాత కాగితం వైపు చూసి, "సరే తియ్. కంప్యూటర్ గట్లనే అంటే గట్లనే" అని మందను తోలుకొని పోయింది. మిగిలిపోయిన ఆ మందకు వచ్చే వారం వేస్తానని డాక్టరమ్మ చెప్పింది. ఆ వారంలోనే వానలు పడ్డాయి. మందు వచ్చేలోపు గడ్డి వచ్చింది.

పెద్దమ్మ మందలో పదిహేడు పోయాయి. మిగతా ఊళ్లో ఒక్కటి పోలేదు. నేను రెండు రోజులు వాళ్ల ఇంటి దిక్కు పోలేదు. మూడో రోజు పోతే, పెద్దబాపు చెల్క భూమిలో గుంత తవ్వుతున్నాడు. పెద్దమ్మ ఒక పిల్ల తల ఒడిలో పెట్టుకొని కూర్చుంది. దాని కాళ్లు కొట్టుకుంటున్నాయి. నన్ను చూసి "కూసో బిడ్డా" అంది. నేను కూర్చోలేదు.

బాపు ఊరి నుంచి వచ్చి, నోటుబుక్కు, నా లిస్టు పక్కపక్కన పెట్టుకున్నాడు. "లాభం ఏడబోయింది?" అన్నాడు. అంతే అన్నాడు. తెల్లారి నేను కాలేజీకి పోయి ఆ ఖాళీ క్యాచ్ తీసేసి ప్రోగ్రాం నడిపాను. ఎర్ర అక్షరాలు వచ్చాయి. ఏ వరుస దగ్గర ఆగిందో చూపించింది. మొదటి వరుస దగ్గరే. అది నాకు మొదటి రోజే చెప్పింది, నేనే దాని నోరు మూశాను. ల్యాబులో అందరి ముందూ ఏడ్చాను.

అప్పటికే ఊళ్లో మాట మొదలైంది. పెద్దమ్మ చెయ్యికి ఏదో అయిందని. ఊరందరి జీవాలూ బాగుండి ఆమెవే ఎందుకు పోతాయని. ఒకాయన కొత్త పొట్టేలును తెచ్చి బొట్టుకు ఆమెను పిలవలేదు. ఆమె ఆ రోజు స్నానం చేసి, చీర మార్చుకొని, మాపటి దాకా గడప మీద కూర్చుందని మా అమ్మ చెప్పింది. నాకు జీవాలు పోయినదాని కంటే ఇది ఎక్కువ బాధ అనిపించింది. జీవాలు మళ్లీ ఈనుతాయి. ఈ పేరు మళ్లీ రావడం కష్టం.

సంఘం కూర్చున్న రోజు నేను పోయి అందరి ముందూ చెప్పాను. తప్పు నాది, ఆమె చెయ్యిది కాదు. కంప్యూటర్‌కు అంకె కావాలి, నేను లాభం అని కొట్టాను, అది అడిగితే అడగకుండా చేశాను, ఆమె పేరు పడిపోయింది. మొత్తం చెప్పాను. బాపు తల వంచుకొని విన్నాడు. పెద్దమ్మ ఆడవాళ్ల వెనక కూర్చుంది.

ఎవరూ నన్ను తిట్టలేదు. తిడతారనే పోయాను. ఒక పెద్దమనిషి మాత్రం అడిగాడు: "అందరి పేర్లు వచ్చినయి గదా. ముప్పై రెండు ఇండ్లల్ల ఆమెదే ఎందుకు పోయింది బిడ్డా?"

"మొదటిది కాబట్టి తాతా" అన్నాను.

"మరి మేం గూడ గదే అంటున్నం" అన్నాడాయన, ఇంకేం మాట్లాడాల్సింది లేనట్టు.

నేను ఇంకా చెప్పబోయాను. మొదటి వరుసలో ఎవరి పేరున్నా పోయేదే అని. అది చెప్పగానే జనం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నా మాట వాళ్లకు అర్థమైంది కానీ, నేను అనుకున్నట్టు కాదు. అప్పటి నుంచి ఆ మొదటి వరుస ఎవరికీ అక్కరలేకపోయింది.

మరుసటి ఏడు టీకాల లిస్టు రాసే సమయం వచ్చింది. ప్రోగ్రాం బాగుచేశాను. ఏ వరుస చదవలేకపోయినా ఆగి, ఎవరి పేరో చెబుతుంది. ఫైలులో ఉన్న మందలెన్ని, లిస్టులోకి వచ్చినవెన్ని, రెండూ చూపించి, తేడా ఉంటే అచ్చు తీయనివ్వదు. అబద్ధపు వరుసలు వేసి పదిసార్లు పరీక్ష చేశాను. బాపు, "పెద్దమ్మను అడుగు, మళ్ల ముందు రాద్దాం" అన్నాడు. తప్పు నాది కాబట్టి నేనే పోయాను.

ఆమె చాటలో కందులు చెరుగుతోంది. నేను కింద కూర్చొని ప్రోగ్రాం సంగతంతా చెప్పాను. మొత్తం విని, చాట పక్కన పెట్టింది.

"సమజైంది బిడ్డా. అప్పుడే సమజైంది. తప్పు నీదే" అంది. "నీ మీద నాకు కోపం లేదు. గని ముందు రాయకు. ఊరి జీవాలకు ఏమన్నయితే నేనేమని చెప్పుకోవాలె?"

"నీ చెయ్యికి ఏం కాలేదు పెద్దమ్మా."

"ఏం కాలేదని నువ్వంటున్నవు. నాకే భయమైతాంది" అని, రెండు చేతులూ కొంగులోకి తీసుకుంది. "అందరి తర్వాత రాయి."

ఆమె అడిగినట్టే, ముప్పై రెండో వరుసలో ఆమె పేరు నేనే టైపు చేశాను.