సముద్రం చూడని వల

ఆ శనివారం ఫ్యాక్టరీ నుంచి మా ఊరికి బండి మీద తెచ్చిన సంచిలో మూడు వస్తువులున్నాయి: సీలు విప్పని కొత్త నైలాన్ వల ఒకటి, పెద్ద కత్తెర ఒకటి, అచ్చు వేయించిన అట్టముక్కలు ముప్పై. ఒక్కో అట్టముక్క మీద ఇలా ఉంది: "సముద్రంలో వాడి పారేసిన పాత వలతో మత్స్యకార మహిళలు చేత్తో కుట్టిన సంచి."

పాత వల అని రాసి ఉంది. ఇప్పుడు మొదటి వస్తువు మళ్లీ చూడండి.

వరసగా చెబుతాను. లేకపోతే కోపంలో ఏదో ఒకటి వదిలేస్తాను.

నేను హైవే పక్కనున్న ఒక ఫ్యాక్టరీలో మెయింటెనెన్స్ ఇంజనీరుని. విజయనగరంలో గది తీసుకుని ఉంటాను. శ్రీకాకుళం దాటాక సముద్రం ఒడ్డున మా ఇల్లు. అమ్మ చేపలు అమ్ముతుంది. అమ్మ తమ్ముడు, అంటే మా మావయ్య, వేటకు వెళతాడు. ఆయన వలలు ఇక బాగుచేసినా ఆగవు అనే స్థితికి వచ్చాక అమ్మ తెచ్చుకుని సంచులు కుడుతుంది. రెండు పొరల వల, అంచుకు పాత తాడు, మూతికి గుండీలా ఒక బెండు. వలను నీటి మీద తేల్చే బెండే అది. మా వీధిలో పెళ్లికైనా, పురుడుకైనా ఆమె ఇచ్చే కానుక అదే.

అలాంటి సంచిలోనే నేను రోజూ క్యారేజీ తీసుకెళ్లేవాణ్ణి. మా హెచ్ఆర్ మేడమ్ చూసి ముచ్చటపడ్డారు. ఫ్యాక్టరీ వార్షికోత్సవానికి వచ్చే ముప్పై మంది అతిథులకు ఇవే ఇద్దామన్నారు. అమ్మకు చెబితే, "నా సంచులు ఆపీసర్లు మోస్తారేటి?" అని రెండుసార్లు అడిగింది.

నమూనాగా మూడు ఇచ్చాను. వాసన వస్తోందన్నారు. అది న్యాయమే. ఒక పట్టిక గీశాను. రెండు రోజులు మంచినీళ్లలో నానబెట్టడం, కుంకుడు రసంతో ఉతుకు, నిమ్మరసం, ఎండ. అమ్మ ఉతికిన ప్రతిసారీ, అదేమిటో చెప్పకుండా, ఇద్దరు తోటి ఉద్యోగుల చేత వాసన చూపించి సున్నా నుంచి ఐదు వరకు మార్కులు వేయించాను. ఆరో ఉతుక్కి ఇద్దరూ సున్నా వేశారు. అప్పటికి అమ్మ వేళ్లు పగిలి ఉన్నాయి. దానికి నేను పట్టికలో గడి గీయలేదు.

మేడమ్ పట్టిక చూడలేదు. సంచిని రెండు వేళ్లతో తిప్పి చూశారు.

"వాసన ఓకే. కానీ ఇక్కడ నీలం, ఇక్కడ ఆకుపచ్చ. ఇన్ని ముళ్లేంటి? మరీ పాతదానిలా ఉంది."

"పాతదే కదా మేడమ్."

"పాతదే. కానీ అలా కనిపించకూడదు. గెస్టులు ఫోటోలు దిగుతారు."

ఆ ముళ్లు మా మావయ్యవి. రాయి తగిలి తెగినచోట, పీతలు కొరికినచోట, ఒడ్డున ఎండలో కూర్చుని కాలి బొటనవేలికి వల తగిలించుకుని ఒక్కొక్కటీ వేసినవి. అది చెప్పాల్సింది. నేను "సరే మేడమ్" అన్నాను. కొత్త వల తెప్పించి నా చేతిలో పెడితే తీసుకున్నాను కూడా. నా కోపంలో సగం ఆ "సరే" మీదే.

ఇంట్లో సంచి విప్పగానే అమ్మ వలను ఒళ్లో వేసుకుని తడిమింది.

"పాతయి అట్టుకెళ్లి మీ మావకి కొత్తది ఇచ్చినారేట్రా? ధర్మాత్ములు!"

వీధి అవతలున్న మావయ్యను కేకేసింది. ఆయన వచ్చాక ఆమెకు కత్తెర కనిపించింది.

"ఇదెందుకురా?"

"కొయ్యడానికి."

"ఏటి కొయ్యడానికి?"

నేను వల వైపు చూపించాను.

మా ఇంట్లో కొత్త వలకు పసుపు రాసి, బొట్టు పెట్టి, ముందు సముద్రంలో ముంచుతారు. అందులో పడ్డ మొదటి చేప గంగమ్మ తల్లిది. అప్పటిదాకా దానికి ఇనుము తగలనివ్వరు. దారం కొస ఎక్కువైనా మడిచి కడతారు తప్ప కొయ్యరు. ఇదంతా నాకు తెలుసు. తెలిసే తెచ్చాను.

"మతుండే మాటాడతన్నావా?" అంది అమ్మ. "నీరు సూడని వలని కోసి పాతదంటారా? పుట్టని గుంటకి దినం సేసినట్టున్నాది."

"అమ్మా, అది నైలాన్. మూడు కేజీల నైలాన్."

"నువ్వూ మూడు కేజీలే పుట్టినావు. కొయ్యమన్నారేటి ఎవులైనా?"

మావయ్య పగలబడి నవ్వాడు. "పాతది కొత్తగా కనబడాల, కొత్తదాన్ని పాతదని సెప్పాల. ఇందుకేనేటల్లుడూ, అంత సదువు?"

అమ్మ నవ్వలేదు. అట్టముక్క చదవమంది. చదివాను.

"మత్స్యకార మహిళలంటే నానే కదరా? నాను సేసినానని సెప్పి ఆల్లు అబద్దమాడతారా?"

నేను అట్టముక్కను మళ్లీ సంచిలో పెట్టాను. చివరికి మావయ్యే అన్నాడు: "ఒగ్గేయ్ అప్పా. రేపు ఓపాలి ఏసి తెస్తాను. నీరు సూసినాక కోసుకోండి."

మర్నాడు పడవ వచ్చేసరికి వల నిండా కవళ్ల చేపలు మెరుస్తున్నాయి. మావయ్య కత్తెర వైపు చూడనైనా లేదు. "దీన్ని కొయ్యాలంటే ముందు నన్ను కొయ్యండి" అని, తన పాత వల తెచ్చి అమ్మ ముందు పడేశాడు. "ఇదిగో, పాతది. ఒట్టెట్టి సెప్తాను, పాతదే."

అమ్మ, పక్కింటి ఇద్దరు ఆడవాళ్లు వారం రోజులు కూర్చుని కుట్టారు. ఒక్కోదానికి ఆరు ఉతుకులు, మొత్తం ముప్పై సంచులు. అట్టముక్కలు నేనే కట్టాను. ఇప్పుడు వాటి మీద రాసిన ప్రతి మాటా నిజం. ముప్పై సంచులూ ఫ్యాక్టరీకి తెచ్చి మేడమ్‌కి అప్పగించాను.

వార్షికోత్సవం రోజు నేను మైకు సెట్టు దగ్గర ఉన్నాను. వేదిక మీద అతిథుల చేతుల్లో ఆకుపచ్చ జాలీ సంచులున్నాయి. కూరగాయల కొట్లో వేలాడదీసి అమ్మేవి. అన్నీ ఒకే రంగు, ఒక్క ముడి లేదు. మా అట్టముక్కలు విప్పి వాటికి కట్టారు. "పాపం, మత్స్యకార మహిళలు" అని ఒకాయన మైకులో మెచ్చుకున్నాడు. ఆ మైకు పనిచేసేలా చూస్తున్నది నేను.

అమ్మ సంచులు స్టోర్ రూములో డబ్బాల వెనక దొరికాయి. లెక్కపెట్టి బండికి కట్టుకుని తెచ్చాను.

"మోసినారేట్రా?" అని అడిగింది గుమ్మంలోనే.

"లేదు" అన్నాను.

ఆమె ఒక సంచి తీసుకుని, అట్టముక్క విప్పినప్పుడు తెగిన దారాన్ని చూసింది. మళ్లీ ముడి వేసింది. ఆ సాయంత్రమే ముప్పై సంచులూ వీధిలో పంచేసింది. ఇప్పుడు పొద్దున్నే చేపలమ్మడానికి ఆటో ఎక్కే ఆడవాళ్ల చేతుల్లో అవే ఉంటాయి.

సోమవారం మెయిల్ వచ్చింది: కొత్త వల ఎక్కడుంది, స్టోరుకు వెంటనే జమ చేయగలరు.

జవాబు రాశాను: "వల వేటలో ఉంది. పాతబడ్డాక మా అమ్మ సంచులు కుడుతుంది. అప్పుడు అట్టముక్కలు పంపండి."