ఏడు గేట్ల దారి

మా ఊళ్లో సైకిళ్లు బాగుచేసేది నేనొక్కణ్ణే. అందుకని వేసవి వచ్చిందంటే చాలు, సరస్సు చూడ్డానికొచ్చిన ప్రతివాడూ నా కొట్లో దూరి ఒకే ప్రశ్న వేస్తాడు. "ఒక్కణ్ణే వెళ్తాను. గంటలో తిరిగొచ్చే చిన్న దారి ఏదైనా ఉందా?" అడుగుతూనే ఫోన్లో దారి చూపిస్తాడు. ఆరు మైళ్లేనట. ఆ మైళ్ల లెక్క వింటే నాకు ఒళ్లు మండుతుంది. నోరు జారితే బేరం పోతుందని, అలాంటివాళ్లని ఎదురింటి ఎనిడ్ టైసన్ దగ్గరికి పంపేస్తాను.

ఎనిడ్‌కి అరవై మూడేళ్లు. ముప్పై ఏళ్లు ఈ లోయల్లో పోస్టు వ్యాను తోలింది. ఏ ఇంటి కుక్క కరుస్తుందో, ఏ వానకి ఏ వాగు రోడ్డెక్కుతుందో ఆమెకి కంఠతా. దారి ఎంచుకునేటప్పుడు మైళ్ల జోలికే పోదు. గేట్లు లెక్కపెడుతుంది. ఇక్కడ గొర్రెల కోసం కొండంతా రాతిగోడలే, గోడ గోడకీ ఒక గేటు. దిగాలి, తియ్యాలి, సైకిలు నెట్టాలి, మళ్లీ వెయ్యాలి. గేటుకి రెండు నిమిషాలని ఆమె లెక్క.

మొన్న మాంచెస్టర్ నుంచి వచ్చిన కుర్రాణ్ణి నా ఎదురుగానే కడిగేసింది.

"ఆరు మైళ్లు సరే నాయనా. అందులో సైకిలు నీమీద ఎక్కేది ఎంతసేపు?"

"నామీద ఎక్కడమేంటండీ?"

"నీ దారిలో కొండ కనుమ ఒకటుంది, అక్కడ నువ్వు దాన్నెక్కవు. అదే నీ భుజమెక్కుతుంది. గంటన్నర మోస్తావు, పైన కూర్చుని ఏడుస్తావు. పొద్దున గాలి ఎటుందో చూశావా?"

చూడలేదని వాడు తల అడ్డంగా ఊపాడు. ఎనిడ్ ఓపిగ్గా చెప్పుకొచ్చింది. గాలికి ఎదురెళ్లే ముక్క ముందే, కాళ్లలో సత్తువుండగానే, తారురోడ్డు మీద అయిపోవాలి. దిగేది గుర్రాలు నడిచే బాటమ్మట. కాలిబాటలో సైకిలు తొక్కనివ్వరు, తొక్కితే రైతు చేత తిట్లు తినాలి. సగంలో వద్దనిపిస్తే రోడ్డు మీదికి జారిపోయే సందు ఒకటుండాలి. ఒంటరిగా వెళ్లేవాళ్లకి ఆ సందే ముఖ్యం అంది.

ఆ మాట ఆమె ఊరికే అనలేదు. కిందటి నవంబరులో గుండెకి స్టెంటు వేశారు. చలికాలమంతా కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుని, మంచు పట్టిన కొండని చూస్తూ ఉండిపోయింది. పొద్దున కొట్టు తెరిచినప్పుడు కిటికీలో ఆ మొహం చూస్తే నాకు పని సాగేది కాదు. మార్చిలో డాక్టరు రెండు గంటలకి మించకుండా సైకిలెక్కొచ్చన్నాడు. అక్క మావిస్ మాత్రం ఒప్పుకోలేదు. మావిస్‌కి అరవై తొమ్మిది, భర్త పోయాక చెల్లెలింటికే వచ్చేసింది. కొండంటే ఆమెకి ఎప్పుడూ పడదు.

చివరికి ఇద్దరికీ బేరం నా కొట్లోనే కుదిరింది. నేను ఎనిడ్ నీలం సైకిలుకి బ్రేకులు మారుస్తుంటే అక్కచెల్లెళ్లు నా నెత్తిమీద వాదించుకున్నారు.

"వారానికొక్కసారి, గురువారం," అంది మావిస్. "ఏ దారినో, ఎన్నింటికొస్తావో రాసి పెట్టి వెళ్లు. చెప్పిన టైముకి అరగంట దాటితే కొండల్లో తప్పిపోయినవాళ్లని వెతికే దళానికి ఫోన్ చేస్తాను. చేశానంటే ఆ రోజుతో సైకిలు అమ్మేస్తాం. సాక్షి ఇదిగో, వీడే."

"నన్నెందుకు లాగుతారు?" అన్నాను.

"నోరు మూసుకుని బ్రేకులు చూడు," అన్నారిద్దరూ.

ఏప్రిల్, మే, జూన్ గడిచాయి. ఎనిడ్ ఒక్కసారి కూడా ఆలస్యం కాలేదు. జూలై రెండో గురువారం పదింటికి బయల్దేరింది. సరస్సు పక్క రోడ్డెక్కి, లో హాగ్ అనే పొలం మీదుగా గుర్రాల బాటన దిగడం. ఏడు గేట్లు, పన్నెండింటికి ఇల్లు. ఉత్తరాల కవరు వెనక అదే రాసి పెట్టింది.

పన్నెండూ అయిదుకి మావిస్ ఫోన్ పట్టుకుని వీధిలోకొచ్చింది. మొహంలో రక్తం చుక్క లేదు.

"ఫోన్ చేసేశాను," అంది.

"అరగంట కదా బేరం? అయిదు నిమిషాలే అయింది."

"నీకు చెల్లెలు లేదు," అంది. నేను కొట్టుకి తాళం వేసి ఆమె పక్కన నిలబడ్డాను.

అదే సమయానికి లో హాగ్ పైన ఏం జరుగుతోందో తర్వాత తెలిసింది. ఉన్ని కత్తిరించే రోజులు కదా, వాన వెలిసిందని ఆ పొలం రైతు ఐజాక్ మౌంసీ ఆ పొద్దునే గొర్రెల్ని కొండ మీంచి దించుతున్నాడు. ఇంతలో నాలుగో గేటు పక్కన గోడ కూలి పెద్ద కంత పడింది. గొర్రెలు అందులోంచి దూరితే నేరుగా కార్ల రోడ్డు మీదికే. అప్పుడే ఎనిడ్ అక్కడికొచ్చింది. గట్టు మీంచి ఐజాక్ కేకేశాడు. "కంతలో నిలబడు పిల్లా!" మా దగ్గర అరవై దాటినా ఆడవాళ్లు పిల్లలే. ఈ కొండల్లో పుట్టినవాళ్లెవరైనా ఆ కేక వింటే ఇక కదలరు. ఎనిడ్ సైకిలు అడ్డంగా పెట్టి, చేతులు బార్లా చాపి నిలబడిపోయింది. మూడొందల గొర్రెలు దిగాలి. టైము దాటిపోతోందని తెలుసు, సైకిలు పోతుందనీ తెలుసు. కింద సిగ్నలు లేదు.

ఆ వెతికే దళంలో ఉండేది మా చుట్టుపక్కలవాళ్లే, ఐజాక్ అందులో ఇరవై ఏళ్లుగా ఉన్నాడు. గట్టు మీద సిగ్నలుంది. జేబులో ఫోన్ మోగితే తీసి చదివాడు. అరవై మూడేళ్ల స్త్రీ, ఒంటరి, గుండెజబ్బు, నీలం సైకిలు, లో హాగ్ వైపు. తలెత్తి కంత వైపు చూశాడు. వెనక్కి జవాబు పెట్టాడు: "దొరికింది. బాగానే ఉంది. నా దగ్గర పనిలో ఉంది."

ఆ కబురు అందగానే మావిస్ నా కొట్టు మెట్టు మీద కూలబడి, నవ్వుతోందో ఏడుస్తోందో తెలియకుండా చాలాసేపు ఊగింది.

పన్నెండూ ఇరవై ఆరుకి ఎనిడ్ వచ్చింది, మోకాళ్ల దాకా బురద. దిగీ దిగకముందే మావిస్ లేచి ఆమె భుజం మీద ఒక్కటేసింది. తర్వాత వాటేసుకుంది.

"ఇంకా నాలుగు నిమిషాలుంది," అన్నాను నేను. సాక్షిని కదా.

"నాకు తెలుసు," అని మావిస్ చెల్లెలి వైపు తిరిగింది. "తప్పింది నేనే. నువ్వు గుమ్మం దాటిన దగ్గర్నుంచీ ఫోన్ చేతిలోనే ఉంటుందే. ప్రతి గురువారమూ. నీళ్లు కూడా గొంతు దిగవు."

ఎనిడ్ సైకిలు గోడకి ఆనించింది. బేరం గెలిచింది కాబట్టి ఎత్తిపొడుస్తుందనుకున్నాను. ఆమె నెమ్మదిగా, "నాకూ భయమే మావిస్," అంది. "ఊరి చివర మొదటి గేటు దాకా గుండె మీద చెయ్యేసుకునే వెళ్తాను. అది దాటితే పోతుంది."

"ఈ మాట ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదు?"

"చెబితే సైకిలు అమ్మేసేదానివి."

"అమ్మేసేదాన్నే," అంది మావిస్.

తర్వాతి గురువారం పొద్దున ఇద్దరూ కలిసి వీధిలో నడుచుకుంటూ వెళ్లారు, ఎనిడ్ సైకిలు నెట్టుకుంటూ, మావిస్ పక్కనే ఇంటి చెప్పులతో. మొదటి గేటు మావిస్ తీసిందట, మావిస్సే వేసిందట. ఆమె తిరిగొస్తూ నాకు చెయ్యి ఊపింది. ఆ రోజు ఎనిడ్ అనుకున్నదానికన్నా పది నిమిషాలు ఆలస్యంగా వచ్చింది. గాలి మారిందంది. నేను కూడా ఆమె వెనకే వాళ్లింట్లోకి వెళ్లాను, ఏమైనా గొడవవుతుందేమో చూద్దామని. మావిస్ కిటికీ పక్క కుర్చీలో నోరు తెరుచుకుని గాఢంగా నిద్రపోతోంది. ఫోన్ ఎక్కడో వంటింట్లో ఉంది.

ఎనిడ్ రెండుసార్లు కదిపితే గానీ లేవలేదు.

"మావిస్, నేనొచ్చేశాను."

"ఎక్కడికెళ్లావ్?" అంది మావిస్, కళ్లు నులుముకుంటూ.