మూడు కమానుల ఊరు

కచ్... కచ్... కచ్.

కొత్త వెదర్‌లోలో ప్రార్థనమందిరం వెనకగది తలుపు దగ్గర నిలబడితే ముందుగా వినబడేది కత్తెర చప్పుడే. తర్వాత జిగురు డబ్బా మూత కిర్రుమంటుంది. మనిషి కనబడాలంటే ఇంకాస్త ఓపిక పట్టాలి. కట్టలు కట్టిన పాత పత్రికల మధ్య నుంచి, నెరిసిన జుట్టు మీద కాగితపు తునకలతో ఎనిడ్ బాగ్‌షా తలెత్తి, "కాళ్ళు తుడుచుకుని రా" అంటుంది. చినుకు పడని ఎండాకాలంలోనూ అదే మాట. బడి వంటశాలలో బతుకంతా గడిపిన మనిషి. ఊళ్ళో నడివయసు దాటని వాళ్ళందరూ ఆమె చేతి కస్టర్డ్ తిని పెరిగినవాళ్ళే. కొందరు ఆ సంగతి ఇంకా మరిచిపోలేదు. ఎవరు పళ్ళెంలో ఎంత వదిలేసేవారో ఆమె కూడా మరిచిపోలేదు.

వెదర్‌లో అనే ఊళ్ళు రెండు. ఒకటి కొండ మీద, ఒకటి నీళ్ళ కింద. విక్టోరియా రాణి కాలంలో ఎక్కడో దూరాన ఉన్న నగరానికి దాహం వేసింది. లోయకు అడ్డంగా ఆనకట్ట లేచింది. జనం మంచాలు, గడియారాలు, వేళ్ళతో సహా పెకలించిన గులాబీ మొక్కలు మోసుకుని కొండెక్కారు. ఊరి బావి మాత్రం మోయడానికి వీలుకాలేదు. ఏటా వేసవిలో ఆ బావి దగ్గర, తడిమట్టి పరిచిన చెక్కపలక మీద పూలరేకులు అతికి బొమ్మ చేసి, నీళ్ళిచ్చిన దేవుడికి దండం పెట్టడం వాళ్ళ ఆనవాయితీ. బావి మునిగాక ఆనవాయితీ ఎక్కడికి పోతుంది? రోడ్డు పక్కన నీళ్ళ కంపెనీ పాతిన ఇనప కుళాయి దగ్గరికి వచ్చి నిలబడింది. తమ ఊరిని మింగిన నీటికి తామే ఏటా పూలు పెడుతున్నామన్న సంగతి అక్కడ ఎవరికీ వింతగా తోచలేదు. ఏటా చేసే పనిలో వింతను వెతికే తీరిక ఎవరికుంటుంది?

మునిగిన ఊరిని కళ్ళారా చూసినవాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. ఫొటోలు లేవు. ఆ ఊరికి మొహమంటూ ఇచ్చింది ఎనిడే. రెండో ప్రపంచ యుద్ధం అయిపోయిన కొత్తల్లో షెఫీల్డ్‌లో ఒక పాతపుస్తకాల కొట్లో, రాణి కాలంనాటి లండన్ బొమ్మల వారపత్రిక తిరగేస్తుంటే ఒక పేజీ దగ్గర ఆమె చెయ్యి ఆగిపోయింది. చెక్క మీద చెక్కి అచ్చువేసిన బొమ్మ. మూడు కమానుల వంతెన, ఆకాశాన్ని గీరుతున్న మందిర శిఖరం, వంతెన మీద పెద్దబాతులు తోలుకుపోతున్న ఒక చిన్నపిల్ల. కింద అక్షరాలు: "వెదర్‌లో గ్రామం, మునగకముందు." ఆ రోజు బస్సులో వానకు తడవకుండా ఆ పేజీని కోటు లోపల గుండెకు ఆనించుకుని తెచ్చింది.

ఆ బొమ్మ ఊరంతా పాకింది. సారాకొట్టు పేరు 'మూడు కమానులు' అయింది. బడిపిల్లల చొక్కాల మీద బాతు వాలింది. రొట్టెల దుకాణంలో అల్లం బిస్కట్లు కూడా బాతు ఆకారంలోనే. పెళ్ళి కానుకంటే ఆ బొమ్మే, పోయినవాళ్ళ మంచం పక్కన గోడ మీదా ఆ బొమ్మే.

ఎనిడ్ దగ్గర ఇంకేవేవో ఉన్నాయి. పాత జిల్లా పత్రికల్లోంచి కత్తిరించిన చిన్నచిన్న ముక్కలు. ఫలానా వెదర్‌లో మనిషి గొడుగు పోగొట్టుకున్నాడు. ఫలానావాడి గాడిద పాదిరిగారి తోటలో దూరింది. వాటిని ఎవరూ చూడరు. చూడమని ఆమె కూడా అడగదు. అందులో ఒకటి మాత్రం విడిగా పెట్టుకుంది. వంతెన దాటగానే రెండో ఇంట్లో ఉండే హన్నా బాగ్‌షా అనే విధవకు, వంటింట్లో పందిని ఉంచుకున్నందుకు జరిమానా. ఎందుకు ఉంచావని మేజిస్ట్రేటు అడిగితే, "చలికి అది బయట ఉండలేదయ్యా, నేను ఒక్కదాన్నీ లోపల ఉండలేను" అందట. చివర పత్రికవాడు ఒక్క ముక్క చేర్చాడు: కోర్టులో నవ్వులు.

హన్నా ఎనిడ్‌కి ముత్తవ్వ. వందేళ్ళనాటి ఆ నవ్వు ఎనిడ్‌కి ఇంకా చెవిలో వినబడుతూనే ఉండేది.

పంతొమ్మిది వందల డెబ్బై ఆరు వేసవిలో మబ్బన్నదే మొహం చూపించలేదు. తాగడానికి తప్ప దేనికీ నీళ్ళు వాడొద్దని కంపెనీ కుళాయి మీదే నోటీసు అంటించింది. ఒక మధ్యాహ్నం, మాంచెస్టర్ నుంచి కొత్తగా వచ్చిన పత్రికల కట్ట విప్పుతున్న ఎనిడ్ చేతిలోంచి కత్తెర జారిపడింది. టీ తెచ్చిన చెల్లెలు మేవిస్ కంగారుపడింది.

"మొహం అలా పాలిపోయిందేంటక్కా? ఎవరైనా పోయారా?"

"ఊరు పోయింది."

"అది పోయి వందేళ్ళయింది కదా."

ఎనిడ్ పేజీని ముందుకు తోసింది. మేవిస్ చూసి, "మన బొమ్మేగా" అంది.

"కింద చదువు."

మేవిస్ కళ్ళజోడు సవరించుకుంది. జర్మనీలో ఏదో పల్లె, వరద రాకముందు అని ఉంది. మన బొమ్మ కంటే పదేళ్ళ ముందు పత్రిక. అదే వంతెన, అదే శిఖరం. పెద్ద బొమ్మలను చెక్కముక్కలు జోడించి చెక్కేవారు. ఆ జోడింపు దగ్గర పడిన సన్నని తెల్లగీత రెండింటిలోనూ ఒకే బాతు మెడ మీదుగా పోయింది. అంటే అచ్చుచెక్క ఒక్కటే. కింది అక్షరాలే మారాయి.

"అయితే ఈ బాతుల పిల్ల జర్మనీ పిల్లా?"

"ఏమో. అసలు జర్మనీదైనా అవునో కాదో! లండన్‌లో బల్ల ముందు కూర్చుని ఎవడో ఊహించి చెక్కి ఉంటాడు."

"పాపం. ముక్కు చూసి మన ఫర్నెస్‌ల ఇంటి పిల్లేమో అనుకునేదాన్ని." మేవిస్ టీ తానే తాగేసింది. "ఎవరికీ చెప్పకక్కా. ఈ ఏడు పూలపలక మీద ఈ బొమ్మే వేయించాలని క్లిఫర్డ్ నెల నుంచీ కలలు కంటున్నాడు. వింటే వాడి గుండె ఆగిపోతుంది."

"వాడి గుండెకేం? బీరులో ఊరి గట్టిపడింది."

క్లిఫర్డ్ ఫర్నెస్ సారాకొట్టు యజమాని, పూలపలక సంఘానికి పెద్ద. ఎనిడ్ అతనికి చెప్పలేదు. ఎవరికీ చెప్పలేదు. ఈ ఊరికి అబద్ధపు మొహం తొడిగింది తనే. తీసేస్తే కింద ఏ మొహమూ లేదు. ఏ మొహమూ లేకపోవడం కంటే పరాయి మొహం నయమా? రోజూ సాయంత్రం ఆనకట్ట మీదికి వెళ్ళి నీళ్ళకేసి చూసేది. నీళ్ళు తగ్గుతున్నాయి. ఇన్నేళ్ళూ ఏ ఊరిని చూడాలని తపించిందో, ఆ ఊరు బయటపడుతుందేమోనని ఇప్పుడు ఆమెకు దడ. ఊరంతా వాన కోసం ప్రార్థించింది. అందరి కంటే గట్టిగా ప్రార్థించింది ఎనిడే.

వాన రాలేదు. ఊరొచ్చింది.

మొదట గోడల మొండేలు, బురదలోంచి పళ్ళు మొలిచినట్టు. తర్వాత వంతెన. కమానుల్లేవు. రెండు బండరాళ్ళ మీద ఒక బల్లరాయి, అంతే. మందిరం ఉన్నచోట పశువుల కొట్టమంత చతురస్రం. శిఖరం నిలబెట్టడానికి అక్కడ చోటే లేదు. ఒక ఆదివారం ఊరంతా రొట్టెలు మూటగట్టుకుని దిగింది. క్లిఫర్డ్ ఫ్రేము కట్టిన బొమ్మను చంకలో పెట్టుకుని వచ్చాడు.

అతను బొమ్మ చూశాడు, బల్లరాయి చూశాడు. "చూశారా, రెండు కమానుల్ని నీళ్ళు తినేశాయి. మూడోది కూలిపోయింది."

"రాతిని నీళ్ళు తింటాయిట్రా?" అంది ఎనిడ్.

"వందేళ్ళు నానితే ఏదైనా కరుగుతుంది ఎనిడక్కా. నీ కస్టర్డ్ తప్ప."

జనం ఘొల్లుమన్నారు. శిఖరం ఏదని ఎవరో అడిగితే కంపెనీవాళ్ళు ఎత్తుకుపోయి ఉంటారన్నాడు. కంపెనీవాళ్ళు ఏమైనా ఎత్తుకుపోగలరన్న విషయంలో ఆ ఊళ్ళో భేదాభిప్రాయం లేదు. బొమ్మతో కలవని ఊరిని చూసి, తప్పంతా ఊరిదేనని తేల్చుకుని, అందరూ హాయిగా రొట్టెలు తిన్నారు.

ఎనిడ్ అవమానంతో అక్కణ్ణుంచి నడిచింది. నిజం బయటపడుతుందని ఇన్నాళ్ళూ వణికింది. అది బయటపడి, గొంతు చించుకుని అరిచినా తలతిప్పిన వాడు లేడు. బల్లరాయి దాటి రెండో గుమ్మం దగ్గర ఆగింది. మోకాలెత్తు గోడలు. పొయ్యి రాళ్ళ పక్కన, వంటింట్లోనే, ఒక రాతితొట్టి. అంచు ఒకచోట, ఏదో మెడ ఆనించి ఆనించి, నున్నగా అరిగిపోయింది. ఎనిడ్ అక్కడ అరచెయ్యి పెట్టింది. ఎండకు రాయి వెచ్చగా ఉంది. పందిమెడ కూడా ఇంతే వెచ్చగా ఉండేదేమో.

పూలపలక పని వారంలో మొదలైంది. బొమ్మ గీసిన కాగితాన్ని మెత్తని మట్టి మీద పరిచి, గీతల వెంట మేకుతో గుచ్చాలి. చెయ్యి వణకని మనిషి కావాలి కనుక ఆ పని ఎప్పుడూ ఎనిడ్‌దే. ఆ ఉదయం మిగతా ఆడవాళ్ళు బుట్టల్లో రేకులూ నాచూ ఏరుకుని వచ్చేసరికి గుచ్చడం అయిపోయింది. మేవిస్ వంగి చూసింది.

"అక్కా... ఇది పందా?"

"చెవులు చూస్తే తెలియట్లేదా?"

హన్నా పొయ్యి ముందు కూర్చుని ఉంది. ఆమె ఒళ్ళో తలపెట్టి పంది. కిటికీలోంచి బల్లరాయి వంతెన. కబురందుకున్న క్లిఫర్డ్ నడుముకున్న తుండుగుడ్డతోనే పరిగెత్తుకొచ్చాడు.

"ఎనిడక్కా, నా కమానులేవి? నా బాతులేవి?"

ఆమె జర్మనీ బొమ్మ తీసి చేతికిచ్చింది. చెక్క సంగతి, తెల్లగీత సంగతి చెప్పింది. అతను చాలాసేపు చూశాడు. మొహం ఎర్రబడింది.

"దొంగవెధవలు! మన ఊరి బొమ్మ కొట్టేశారు!"

"వాళ్ళది పదేళ్ళు ముందు అచ్చయిందిరా."

"అంత ముందుచూపుతో కొట్టేశారన్నమాట." కాగితం ఆమెకు తిరిగిచ్చేశాడు. "సరే, ఈ మట్టి చెరిపేసి మళ్ళీ గుచ్చు తల్లీ. కావాలంటే నీ కాళ్ళు పట్టుకుంటాను."

"చెరపాలంటే తడపాలి. మట్టి అప్పుడే బిగుస్తోంది. నీళ్ళేవి?"

అందరూ కుళాయి వైపు చూశారు. కుళాయి మీద నోటీసు ఎండకు మెరుస్తోంది.

"నీ కొట్లో బీరుందిగా, పీపా పట్రా" అంది మేవిస్.

"బీరా!" క్లిఫర్డ్ నిజంగానే గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. కమానులకూ బీరుకూ మధ్య అతను ఎంతోసేపు నలగలేదు. పందే ఉండిపోయింది.

పంది ఒంటికి, వాగు ఒడ్డున పెరిగే ఆల్డర్ చెట్ల నల్లటి ఎండుకాయలు గుచ్చారు. హన్నా మొహానికి లేత గులాబీ రేకులు, కింది వరస మీద పై వరస, ఇంటికి పెంకు వేసినట్టు. పండగనాడు పాదిరిగారు కాసేపు తటపటాయించి, ప్రాణులన్నిటినీ దీవించమని దేవుణ్ణి అడిగి బయటపడ్డారు. పలక కింద ఎనిడ్ ఆ పత్రిక ముక్కను అంటించింది. జనం చదివారు, నవ్వారు. ఎనిడ్ చెవి ఒగ్గి వింది. కోర్టులో నవ్విన నవ్వేనా ఇది? కొందరిది అదే. ఒక ముసలామె మాత్రం హన్నా జవాబు రెండోసారి చదువుకుని, నవ్వు ఆపి, తన కుక్కను ఎత్తుకుని వెళ్ళిపోయింది. ఎనిడ్‌కి ఆ ఒక్కటీ చాలనిపించింది.

కానీ ఊరు అంతటితో ఆగలేదు. నగరం నుంచి వచ్చిన పత్రికవాడు ఫొటో వేసి కింద రాశాడు: "తరతరాలుగా ఏటా పూలతో పందిని కొలిచే గ్రామం." మరుసటి వేసవికి సారాకొట్టు బోర్డు మారి 'హన్నా పంది' అయింది. అల్లం బిస్కట్లకు తోకలు చుట్టలు తిరిగాయి. ఫర్నెస్‌లు, మిగతా ఇళ్ళవాళ్ళు, హన్నా తమకూ ఏదో వరసలో ముత్తవ్వేనని చెప్పుకోసాగారు.

"మా నాయనమ్మ ఆ పంది గురించి ఎన్నిసార్లు చెప్పిందో" అన్నాడు క్లిఫర్డ్ ఒకరోజు.

"నల్లదనే చెప్పిందా?"

"నల్లగా, నిగనిగలాడుతూ ఉండేదట. ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది ఎనిడక్కా."

వానలు పడ్డాయి. లోయ మళ్ళీ నిండింది. తొట్టి మీద, అరిగిన అంచు మీద, నీళ్ళు నెమ్మదిగా పరుచుకున్నాయి. పత్రికవాడి పందిపూజ ముక్కను కూడా ఎనిడ్ కత్తిరించి, తేదీ వేసి, జర్మనీ బొమ్మ పక్కనే అతికించుకుంది.

ఇదంతా చెప్పి, విని రాసుకున్న కాగితాలు సర్దుకుని లేచిన మనిషిని గుమ్మం దాకా సాగనంపి, కత్తెర ఇంకా వేళ్ళకు ఉండగానే ఆమె అంది:

"పంది ఏ రంగుదో ఆ ముక్కలో లేదు. ఆ ఎండకు తెల్లపూలన్నీ మాడిపోయాయి, చేతికి ఆల్డర్ కాయలే దొరికాయి. అందుకని నల్లది చేశాను. అదొక్కటీ రాయకు."