నంద్యాలకు ఖాళీగా వెళ్లిన జీపు

1978 నవంబరు 21, మంగళవారం, ఉదయం పది గంటల ఇరవై నిమిషాలకు ఆళ్లగడ్డలోని ఒక ఆసుపత్రి వరండాలో నేనొక మాట అన్నాను. ఆ మాట బరువు ఇన్నేళ్లుగా మోస్తున్నాను. నా భర్తకు చెప్పలేదు. చర్చిలో మోకరించినప్పుడు కూడా దాన్ని తప్పించి వేరే పాపాలు ఒప్పుకున్నాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

అప్పుడు నాకు ముప్పై ఒకటి. ఆర్థికశాస్త్రంలో పరిశోధన చేస్తున్నాను. నా ప్రశ్న చిన్నది. కాన్పు ఆపరేషన్ అయిన మనిషిని ఆసుపత్రిలో ఎన్నాళ్లు ఉంచాలి? నంద్యాలలో ఒక ఆసుపత్రి పది రోజులు ఉంచేది. ఆళ్లగడ్డలోది ఐదు రోజులకే పంపేది. రెండు చోట్లా ఖర్చెంత, ప్రాణానికి ముప్పెంత అన్నది తేల్చడం నా పని. రెండేళ్లు తిరిగాను. ఆళ్లగడ్డలో ఖర్చు సగం. చావు ఒక్కటీ లేదు. ఎవరికి చూపినా మెచ్చుకునే ఫలితం.

చావులు ఎందుకు లేవో నాకు తెలుసు. ఆ పల్లెల్లో, బయట పోయిన మనిషి శవాన్ని పొలిమేర దాటి ఊళ్లోకి రానివ్వరు. ఇంటి ముందు దించనివ్వరు, అటునుంచి అటే శ్మశానానికి. అందుకని మనిషి ఇక దక్కదనిపించగానే, ఊపిరి ఉండగానే, బండి కట్టుకుని తీసుకుపోతారు. ఆసుపత్రివాళ్లు ‘ఇంటికి పంపాము’ అని రాసుకుంటారు. నేను వాళ్లందరినీ కోలుకున్నవాళ్లలో కలిపాను. ఇళ్లకు వెళ్లి చూడవచ్చు కదా అంటారు మీరు. చూస్తే లెక్కించాలి. లెక్కించకూడదనే వెళ్లలేదు.

ఆ మంగళవారానికి, రాహేలమ్మ అనే బాలింతకు ఆపరేషనై నాలుగో రోజు. జ్వరం నూట మూడు. గాయం దగ్గర వాసన. డాక్టరు ఊళ్లో లేడు. నంద్యాలలో పెద్ద డాక్టరు ఉన్నాడు, రక్తం ఎక్కించే వీలుంది. నన్ను నంద్యాలకు తీసుకుపోవలసిన అద్దె జీపు గేటు దగ్గరే ఉంది.

ఆమె భర్త దావీదు, గొర్రెలు కాసుకునే మనిషి, వరండాలో నా దగ్గరికి వచ్చాడు.

“అక్కా, దినామూ వచ్చి రాసుకుంటాండావు. నీకు తెలియందేముంది? నంద్యాలకు తీస్కపోతే బతుకుతాదా? ఇంటికి తీస్కపోదునా?”

“డాక్టరేమన్నాడు?”

“ఆయప్ప కర్నూలుకు పోయినాడంట. కాంపౌండరు నీ ఇష్టమంటాండాడు. గొర్రెకైతే నేను చెప్తా. మనిషికి నా ఇష్టమేందక్కా?”

కిటికీ పక్క మంచం మీద నుంచి రాహేలమ్మ అంది: “ఆయక్కను యాల సతాయిస్తావ్? పెండ్లినాడు కూడా ఎవర్నో అడిగొచ్చినాకనే తాళి కట్టినావు.” కడుపు పట్టుకుని నవ్వింది.

నేనూ నవ్వాను. నవ్వుతూనే అన్నాను.

“ఇంటికే తీస్కపో అప్పా. ఇంటికాడైతే మనిషికి ధైర్యంగుంటాది.”

ఎందుకన్నాను? ఆమె ఆళ్లగడ్డలో పోతే నా పట్టికలో మొదటి చావు. నంద్యాలలో పోయినా, చివరికి అక్కడ బతికినా, ఆళ్లగడ్డలో గాయం కుళ్లిందని వాళ్లు రాసేవారు. ఇంటికి వెళితే మాత్రం ఏమీ చెడదు. అంత దూరం ఒక్క క్షణంలో ఆలోచించానా? అలసిపోయి ఉన్నానని, నేను డాక్టరును కానని, ఆచారం వాళ్లదే కదా అని ఎన్నో విధాల నాకు నేను సర్దిచెప్పుకున్నాను. కానీ అతను ఆచారం గురించి అడగలేదు, బతుకుతుందా అని అడిగాడు, ఆ ప్రశ్నకు నేను జవాబే చెప్పలేదు. ఆలోచించాను. నాకు గుర్తుంది.

బండిలో గడ్డి పరిచి ఆమెను పడుకోబెట్టారు. ఒళ్లో బిడ్డను పెట్టారు. పదకొండుకు నా జీపు బయలుదేరింది. వెనక సీట్లన్నీ ఖాళీ.

తర్వాతి వారం ఆసుపత్రి దుప్పటి తిరిగి ఇవ్వడానికి దావీదు వచ్చాడు. నన్ను చూసి ఆగాడు. “గురువారం పోయిందక్కా. ఇంట్లోనే పోయింది. నట్టింట్లో పండబెట్టుకుని కండ్లార చూసుకున్యాం. నువ్వు చెప్పకుంటే పొలిమేరకాడ పెట్టుకోని ఏడ్చాల్సొచ్చేది.” చేతులు జోడించాడు.

ఆ దండం నేను తీసుకున్నాను. ఇంటికి వచ్చి ఆమె పేరు ఎదుట ‘కోలుకున్నది’ అని రాశాను. నెలకు బిడ్డ కూడా పోయాడని కాంపౌండరు చెప్పాడు. ఊఁ అన్నాను.

1980లో నాకు డిగ్రీ వచ్చింది. మరుసటి ఏడు నంద్యాల ఆసుపత్రి కూడా ఐదు రోజుల పద్ధతికి మారింది. నా ఫలితం చూపించే మారింది. ఆ మార్పు ప్రకటించిన సభలో నాకు శాలువా కప్పారు. దాని అంచు మెడకు గుచ్చుకుంటున్నా తీయలేదు.

క్షమించమని మిమ్మల్ని అడగను. అది మీ చేతుల్లో లేదు. ఇన్నాళ్లూ గొంతులో ఉన్నది ఇప్పుడు కాగితం మీద ఉంది. ఆ మేరకు ఊపిరి ఆడుతోంది, అంతే.

పోయిన ప్రాణాలు ఇవి. రాహేలమ్మ, ఇరవై మూడేళ్లు. ఆమె కొడుకు, పేరింకా పెట్టలేదు. ఆమె కంటే ముందు అలాగే బండిలో తీసుకుపోతే నేను కోలుకున్నట్టు రాసినవాళ్లు పద్నాలుగురు, వాళ్లలో ఎంతమంది పోయారో తెలియదు. 1981 తర్వాత నంద్యాలలో ఐదు రోజులకే ఇంటికి పంపినవాళ్లలో ఎంతమందో అదీ తెలియదు. ఆ రెండు లెక్కలూ వేయగలిగిన మనిషిని నేనొక్కదాన్నే. వేయలేదు.