రెండు పావడాలు, నాలుగు జోడాలు

కాస్త దగ్గరికి జరిగి కూర్చోండమ్మా, చాప చాలకపోతే ఆ పీట లాక్కోండి, నా గొంతు ఇప్పుడు దూరం పోదు. నిన్న మా మనవరాలు సూవాలో కాలేజీకి పోవాలని మంచం నిండా బట్టలు పరిచి, ఏది దేనిమీదికి నప్పుతుందో తేలక తల పట్టుకు కూర్చుంటే నాకు నవ్వొచ్చింది, ఆ వెనకే మా అక్క గుర్తొచ్చింది. మన ఈడువాళ్ళకు ఈ సంగతులు కొత్త కాదు గాని, నోటిదాకా వచ్చిన మాట చెప్పకుండా ఉండలేను కదా.

గిరిమిట్ రోజులవి, ఒప్పంద కాగితం మీద వేలిముద్ర వేసి మన పెద్దలు ఈ దీవుల్లో కూలి చేసిన రోజులు. లంబాసా చెరకు తోటల్లో కూలీల లైన్లలో ఒక్క గదిలో అమ్మ, నాయన, అక్క, నేను ఉండేవాళ్ళం. అమ్మానాయనలు నెల్లూరు వైపునుంచి ఓడెక్కి వచ్చినవాళ్ళు. నాకు చదువు అంటలేదు గాని, మిషన్ దొరసాని ఆదివారాల్లో వచ్చి పలక మీద రాసిందల్లా అక్క చూస్తూ చూస్తూనే పట్టేసేది. సూవా దగ్గర మా పెద్ద బడికి పంపండి, అక్కడే ఉండి చదివి పంతులమ్మవుతుందని ఆ దొరసాని అడిగితే, లైన్లో పుట్టిన పిల్ల కొడవలి పట్టకుండా బతుకుతుందా అని నాయన కళ్ళు తుడుచుకున్నాడు.

ఇక సూవాకు పోయే స్టీమరు రావడమే తరువాయి అనగా, స్టోరులో పనిచేసే హిందుస్తానీ భాయి ఒకడు దొరసాని కబురు మోసుకొచ్చాడు. పిల్ల చార్ జోడా తెచ్చుకోవాలట, లేకపోతే బడిలో చేర్చుకోరట. నాయన హిందీ చెరకు చాళ్ళలో నేర్చిన హిందీ, అందులో సగం కూలీల మీద పెత్తనం చేసే సర్దారు తిట్లే. చార్ అంటే నాలుగని తెలుసు, జోడా అంటే మన జోడే కదా అనుకున్నాడు. ఉత్తకాళ్ళతోనే పుట్టి పెరిగిన మనిషి, నాలుగు జతల కాళ్ళజోళ్ళు ఎక్కణ్ణుంచి తెస్తాడు? గడపలో కూలబడ్డాడు.

“నాలుగు జోళ్ళంటే ఎనిమిది చెప్పులే. దీనికున్నవి రెండు కాళ్ళాయె.”

“వానకొకటి, ఎండకొకటి, దొరసాని ముందు నిలబడ్డానికొకటి కావాలేమో” అంది అమ్మ.

“మరి నాలుగోది?”

“నువ్వు చంకన పెట్టుకు తిరగడానికి.”

మన వల్ల కాదని రేపే చెప్పి పంపిస్తానన్నాడు నాయన. అక్క ఏడవలేదు, పలక తీసి గోడకు తిప్పి పెట్టేసింది.

తెల్లారి నీళ్ళ దగ్గర పక్కగది పిన్ని, ఉత్తరాది మనిషి, మేం కాకీ అని పిలిచేవాళ్ళం, పిల్ల మొహం అట్లా ఉందేమని అడిగింది. అమ్మ వచ్చీరాని హిందీలో, రానిచోట పాదాలు చూపించి చెప్పేసరికి, కాకీ నవ్వి నవ్వి బకెట్టు ఒలకబోసుకుంది. వాళ్ళ మాటలో జోడా అంటే బట్టల జత అట. మధ్యాహ్నానికల్లా ఆ మాట లైన్లన్నీ తిరిగింది, ఆనాటినుంచి నాయన పేరు జోడావాలా అయింది, ఆయన కూడా పిలిస్తే పలికేవాడు.

అయితే సంబరం కాసేపే. ఆ బట్టలైనా ఎక్కడున్నాయి? అక్కకున్నది ఒంటిమీదొకటి, తాటిమీద ఆరేదొకటి, రెండూ చిరుగులే. అమ్మ రాత్రంతా ఏమాలోచించిందో, పొద్దున తన మంచి నీలం చీర తీసి సగానికి చించేసింది. అదొక పావడా. పిండి సంచులు ఉడకేసి ఉతికి, మడల్లో పీతలు పట్టుకొచ్చి అమ్మే కాయివీతి అవ్వ, ఈ దీవిలోనే పుట్టిన జాతి మనిషి, ఇచ్చిన మడచెట్టు బెరడు రసంలో ముంచితే ఇటికరంగు తేలింది. అదింకో పావడా. సంచి మీది అచ్చు అక్షరాలు ఎంత ఉతికినా పోకపోతే లోపలివైపు తిప్పేశారు. మిగిలిన తెల్ల సంచి ఒక రవికె, నాయన తలపాగా ఇంకో రవికె. పాపం నాయన, అటు తర్వాత ఎన్నాళ్ళో నెత్తిన గోనెముక్క చుట్టుకునే పొలానికి పోయాడు. ఏ రవికె ఏ పావడా మీదికైనా నప్పేట్టు రంగులు ఏరింది అమ్మ, చీరలో మిగిలిన సగం ఓణీ అయింది. ఆదివారం లైన్లోని ఆడవాళ్ళందరూ తలా ఒక అంచు ఒళ్ళో పెట్టుకు కుట్టారు, నాకూ ఒక చేతి అంచు ఇచ్చారు.

బడిలో ఏం జరిగిందో అక్క సెలవులకు వచ్చినప్పుడు చెప్పింది. అక్కడి బడి పెద్ద దొరసాని రేకుపెట్టె మూత తీసి, ఇవి రెండు జోడాలే కదా, మిగతావేవని అడిగిందట. తిరుగు స్టీమరు ఇంకా రేవులోనే ఉంది, ఎక్కించేస్తుందేమోనని అక్క భయపడిందట. అయినా తల ఎత్తి అందట, “పెట్టెలో రెండేనమ్మా, ఒంటిమీద నాలుగు.” ఆ రవికె ఈ పావడా మీద, ఈ రవికె ఆ పావడా మీద పెట్టి చూపిస్తే దొరసాని నవ్వి, మంచం చూపించమని తోటి పిల్లలకు చెప్పిందట. రోజుకో తీరుగా కనిపించే అక్కను చూసి వాళ్ళు ఈమె ఎవరో గొప్పింటి పిల్ల అనుకున్నారట.

అది విని మేమంతా పడీపడీ నవ్వుతుంటే అక్క ఇంకో మాట చెప్పింది. ఇల్లు గుర్తొచ్చినప్పుడు అంచుల వెంట వేలు పోనిచ్చి, ఈ వంకర కుట్టు కాకీది, ఈ సన్నకుట్టు అమ్మది, ఈ ముళ్ళన్నీ చెల్లివి అనుకుంటూ నిద్రపోయేదట. ఇప్పుడు మన నమాకా ఊరి దుకాణాల్లో ఏం కావాలంటే అది దొరుకుతుంది, పిల్లలు నచ్చింది కట్టుకుంటున్నారు, చూసి నా కళ్ళు చల్లబడుతున్నాయి. కాని ఆ కొన్న బట్టల కుట్లు ఎంత తడిమినా ఎవరి చెయ్యో చెప్పవు.

ఇంతసేపు విన్నారు, మీ ఇల్లు చల్లగా ఉండాలమ్మా. మీ బిడ్డలు ఎంత దూరం పోయినా మీ చేతి గుర్తు వాళ్ళ ఒంటిమీద ఉండాలి.