ఏడో రోజు, ఇరవై ఎనిమిదో రోజు

మొన్న క్యాంటీన్‌లో ఎవరో గ్యాస్ మందు సీసా మూత తీశారు. ఆ పుదీనా వాసనకు నా చేతిలోని ముద్ద చేతిలోనే ఆగిపోయింది. ప్రకాశరావు సార్ బల్ల సొరుగు లాగితే వచ్చే వాసన అది. దాచేపల్లి దగ్గరి సిమెంటు ఫ్యాక్టరీలో ల్యాబ్‌కు ఆయన పెద్ద, నాకు మొదటి బాస్.

గట్టిపడిన సిమెంటు దిమ్మలను మిషన్లో పగలగొట్టి బలం చూడటం మా పని. రోజులు గడిచేకొద్దీ దిమ్మ బలం పెరుగుతుంది. చేరిన కొత్తలో పక్క ఫ్యాక్టరీ సిమెంటుతో పోల్చి, మాదే బలహీనమని పట్టిక రాసిచ్చాను. “ఏందిరా ఇది? వాళ్ళ దిమ్మ ఇరవై ఎనిమిదో రోజున పగిలింది, మనది ఏడో రోజున. పసోడికీ పహిల్వానుకీ కుస్తీ పెట్టావు. అంకె చూసేముందు ఎన్నో రోజో అడగరా,” అన్నారు. ల్యాబ్ అంతా నవ్వింది.

ఆ మనిషే తన కడుపునొప్పి ఎన్నాళ్ళదని అడగలేదు. మా వైపు కడుపులో ఏమొచ్చినా పేరొక్కటే, గ్యాస్. ఏడాదిపాటు వారానికో సీసా బస్టాండు దగ్గరి మందుల షాపు నుంచి తెచ్చింది నేనే. ఆయన బెల్టుకు కొత్త బెజ్జాలు పొడిచిందీ నేనే. “సన్నబడ్డా. పెళ్ళికొడుకులా లేనూ?” అనేవారు. గుంటూరులో పరీక్ష చేసేసరికి క్యాన్సర్. జీర్ణాశయం ముప్పాతిక భాగం తీసేశారు.

వార్డులో మంచం పక్కన కూర్చుని ఫోనులో చదివాను. ఇదే ఆపరేషన్ తరువాత జపాన్, కొరియాల్లో మనుషులు ఎక్కువ కాలం బతుకుతున్నారు. కారణాలు వరసగా రాసుకున్నాను: కోసే పద్ధతి, చుట్టూ ఉన్న గ్రంథులను ఎంతవరకు తీస్తారన్నది, తరువాతి మందులు. “అక్కడి పద్ధతి తెలిసిన డాక్టరు హైదరాబాదులో ఉన్నారేమో కనుక్కుంటా సార్,” అన్నాను.

ఆయన కళ్ళు తెరవకుండానే, “వాళ్ళు ఎన్నో రోజున పట్టుకుంటారంటరా?” అన్నారు.

చెప్పక తప్పలేదు. అక్కడ చాలామందికి నొప్పి మొదలుకాకముందే గొంతులోకి పైపు వేసి చూస్తారు. ఆ కారణం నేను రాసుకోలేదు. రాస్తే సీసాల సంగతీ రాయాలి.

“ఆ సీసాలు తెచ్చింది నేనే కదా సార్.”

“తెమ్మంది నేను. తేకపోతే తిట్టేవాణ్ణి.” నాలుకతో పెదవులు తడుపుకుని, “చానా దాహంగా ఉందిరా,” అన్నారు. నీళ్ళు ఇవ్వొద్దని డాక్టర్లు చెప్పారు. దూది తడిపి పెదవులకు అద్దాను.

ఏడాది తిరక్కుండానే పోయారు. అక్కడుంటే బతికేవారా, తెలియదు. వైద్యంలోని తేడా ఎంత, మా ఆలస్యం ఎంత అన్నది ఒక్క మనిషిలో విడదీసి చూపే మిషన్ లేదు. ఇప్పుడు ఎవరు గ్యాస్ అన్నా, ఎన్నాళ్ళనుంచి అని అడుగుతాను. నెలలు దాటిందంటే సెలవు పెట్టి పైపు పరీక్షకు నరసరావుపేట తీసుకెళ్తాను. ఇప్పటికి నలుగురు. ముగ్గురికి ఏమీ లేదు. తిరుగు బస్సులో నన్ను ఆటపట్టిస్తూనే వచ్చారు. నాలుగో ఆయనకు గుంటూరు వెళ్ళమని చీటీ రాసిచ్చారు. ఆయన సంచి నేను పట్టుకున్నాను.